చెట్లకు పేర్లున్న బడి

కెన్యా పడమటి భాగంలో, రిఫ్ట్ లోయ అంచు మీద ఇటెన్ అనే చిన్న ఊరుంది. సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. అంటే మనవాళ్ళు వేసవిలో చల్లదనం కోసం వెళ్ళే ఊటీ కన్నా ఇంకాస్త పైన. ఒక పక్క ఎర్రమట్టి దారులు, మొక్కజొన్న చేలు. ఇంకో పక్క నిట్టనిలువుగా దిగిపోయే కెరియో లోయ. ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా కట్టిన కమాను మీద ఇది ఛాంపియన్ల ఊరని రాసి ఉంటుంది. లోపలికి వెళితే సెయింట్ పాట్రిక్స్ హైస్కూలు, మగపిల్లల హాస్టలు బడి. దాని ఆవరణలో కొన్ని చెట్లకు పేరుపలకలుంటాయి. వాటి మీద ఉన్నవి చెట్ల పేర్లు కావు, మనుషుల పేర్లు. ఇక్కడ చదువుకుని పరుగుపందెంలో ప్రపంచాన్ని గెలిచినవాళ్ళ గుర్తుగా నాటిన చెట్లు అవి.

ఇంత చిన్న ఊరి నుంచి ఇంతమంది ఎలా వచ్చారని అడిగితే రెండు మూడు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఎత్తు మీద గాలి పలచన, అందువల్ల నెత్తురులో ఎర్రకణాలు పెరుగుతాయి. అక్కడి కాలెంజిన్ తెగల వాళ్ళవి సన్నని కాళ్ళు, తేలికైన పిక్కలు. పల్లెపిల్లలు బడికి పరుగెత్తుకుంటూ పోతారు. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఆ కొండ వేల ఏళ్ళుగా అక్కడే ఉంది. ఆ మనుషులూ అక్కడే ఉన్నారు. పతకాలు మాత్రం నిన్నమొన్న మొదలయ్యాయి. కొండకు తోడు ఇంకేదో కలిసింది. అదేమిటని వెతుక్కుంటూ పోతే ఒక భూగోళశాస్త్రం మాస్టారి దగ్గర ఆగాల్సి వస్తుంది.

ఆయన రాకముందే కెన్యాకు పరుగులో పేరుంది. 1956లో మెల్‌బోర్న్‌లో ఆ దేశం తొలిసారి ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది. 1963 డిసెంబరులో స్వాతంత్ర్యం వచ్చింది. పది నెలలకే టోక్యోలో విల్సన్ కిప్రుగుట్ 800 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచాడు. కెన్యా గెలిచిన మొట్టమొదటి ఒలింపిక్ పతకం అదే. ఆ దేశపు పతకాల కథ మధ్యదూర పరుగుతోనే మొదలైందన్నమాట. నాలుగేళ్ళ తర్వాత మెక్సికో నగరంలో కిప్ కైనో 1,500 మీటర్ల పరుగును 3 నిమిషాల 34.9 సెకన్లలో ముగించి, ప్రపంచ రికార్డు చేతిలో ఉన్న అమెరికన్ జిమ్ ర్యూన్‌ను దాదాపు ఇరవై మీటర్లు వెనక వదిలేశాడు. ఇక ఈ కొండల కుర్రాళ్ళకు తిరుగులేదని అందరూ అనుకున్నారు.

అప్పుడే రాజకీయం అడ్డుపడింది. జాతివివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికాకు న్యూజిలాండ్ రగ్బీ జట్టు వెళ్ళిందన్న నిరసనతో ఆఫ్రికా దేశాలు 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌ను బహిష్కరించాయి. 1980లో మాస్కోకు కూడా కెన్యా వెళ్ళలేదు. 1972లో 800 మీటర్ల కాంస్యం గెలిచిన మైక్ బోయిట్ వంటి పరుగువీరుడు తన మంచి వయసంతా మళ్ళీ ఒలింపిక్ ట్రాక్ తొక్కకుండానే గడిపేశాడు.

సరిగ్గా ఆ 1976లోనే ఐర్లాండ్ నుంచి బ్రదర్ కాలమ్ ఓకానెల్ ఇటెన్‌కు వచ్చారు. వయసు 28 ఏళ్ళు. పాట్రీషియన్ బ్రదర్స్ అనే క్రైస్తవ సంఘంలో సభ్యుడు. భూగోళం చెప్పడానికి వచ్చారు. అథ్లెటిక్స్‌లో ఆయనకు ఏ శిక్షణా లేదు, తాను పరిగెత్తిందీ లేదు. బడిలో పరుగు పిల్లల్ని అప్పటికి చూసుకుంటున్నది ఇంగ్లండ్ నుంచి వచ్చిన పీటర్ ఫోస్టర్ అనే ఉపాధ్యాయుడు. ఆ ఏడాది మాంట్రియల్‌లో 10,000 మీటర్ల కాంస్యం గెలిచిన బ్రెండన్ ఫోస్టర్‌కు ఈయన సోదరుడు. కొత్తగా వచ్చిన కాలమ్ మొదట ఈయనకు సాయంగా నిలబడ్డారు. కొన్నాళ్ళకు పీటర్ స్వదేశం వెళ్ళిపోయాక ట్రాక్ బాధ్యతంతా కాలమ్ మీద పడింది.

కాలమ్ అనే పేరును ఐర్లాండ్‌లో పలికినట్టు పలికితే మన చెవికి 'కాలం' అని వినిపిస్తుంది. ఆయన పిల్లలకు ఇచ్చింది కూడా ముఖ్యంగా అదే.

ఏమీ తెలియని మనిషి ముందున్న దారి ఒక్కటే, చూడటం. కాలమ్ పిల్లలు పరిగెత్తుతుంటే చూశారు, పరుగయ్యాక అడిగారు. ఎక్కడ ఆయాసం వచ్చింది, ఎక్కడ హాయిగా అనిపించింది, చివరి మలుపులో భుజాలు ఎందుకు బిగుసుకున్నాయి? తనకు పరుగు నేర్పింది ఆ పిల్లలేనని ఆయన ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. ఈ మాటను వినయం అనుకుని పక్కన పెట్టకూడదు. పాత ఆటగాడు కోచ్ అయితే తాను చేసిన సాధననే శిష్యుడి నెత్తిన పెడతాడు, తనకు దక్కని పతకాన్ని శిష్యుడి మెడలో వెతుకుతాడు. కాలమ్‌కు ఆ పాత ఆకలి లేదు. ఆయన కంటిముందు ఉన్నది పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లాడు మాత్రమే.

బడి కావడం కూడా మేలే చేసింది. పొద్దున తరగతులు, మధ్యలో పరీక్షలు, వారానికి ఒకసారి ప్రార్థన, సెలవులొస్తే ఇంటి దగ్గర పశువులు, పొలం పని. వీటన్నిటి నడుమ పరుగుకు మిగిలేది కొద్దిసేపే. అందువల్ల ఎవరూ పిల్లల్ని రోజంతా పిండే వీలు లేదు. గంటలు లెక్కపెట్టి పరిగెత్తించే ఈ రోజుల్లో ఇది లోటులా కనిపిస్తుంది. ఎదిగే ఎముకలకు మాత్రం ఆ లోటే రక్షణ.

ఈ బడి పిల్లల పరుగు మొదలయ్యే తీరు చూస్తే కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు. నడక కన్నా కొంచెం వేగం, అంతే. అందరూ గుంపుగా, భుజానికి భుజం ఆనించినట్టు కదులుతారు. ముందుకు దూకేవాడు లేడు, వెనకబడేవాడూ లేడు. ఒళ్ళు వేడెక్కినకొద్దీ అడుగు దానంతటదే చురుకవుతుంది. ప్రపంచ ఛాంపియన్ పక్కన నిన్న చేరిన పిల్లాడు కూడా అదే గుంపులో ఉంటాడు. ఆ పిల్లాడికి ఛాంపియన్ అంటే గోడ మీద బొమ్మ కాదు, తన పక్కన ఊపిరి పీలుస్తున్న మనిషి. పందెమంటే భయం పోవడానికి ఇంతకన్నా మంచి మందు ఎవరి దగ్గరా లేదు.

ఆ బడి పేరు దేశం దాటి వినిపించింది 1986లో. ఏథెన్స్‌లో మొట్టమొదటి ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్స్ జరిగాయి. కెన్యా పంపిన చిన్న జట్టును తయారుచేసే పని కాలమ్‌కు అప్పగించారు. జట్టులో ఎక్కువమంది ఆయన బడి పిల్లలే. వాళ్ళు పతకాలతో తిరిగొచ్చారు. రెండేళ్ళకు సియోల్ ఒలింపిక్స్‌లో 1,500 మీటర్ల ఫైనల్లో పీటర్ రోనో అనే 21 ఏళ్ళ కుర్రాడు ముందుండి పరుగు నడిపించి స్వర్ణం గెలిచాడు. అంతకుముందు ఆ దూరంలో అంత చిన్న వయసు ఒలింపిక్ విజేత లేడు. రోనో సెయింట్ పాట్రిక్స్ విద్యార్థి, ఆనాటికి అమెరికాలో కాలేజీ చదువు చదువుతున్నాడు. అదే ఏడాది బోస్టన్ మారథాన్ గెలిచిన ఇబ్రహీం హుసేన్‌ది కూడా ఈ బడే. 1992లో బార్సిలోనా స్టీపుల్‌చేజ్‌లో మూడు పతకాలూ కెన్యావే. వాటిలో స్వర్ణం ఇక్కడ చదివిన మాథ్యూ బిరిర్‌ది.

మగపిల్లల బడిలో ఉంటూనే కాలమ్ ఆడపిల్లల గురించి ఆలోచించారు. ఆ ప్రాంతంలో అప్పటికి అమ్మాయి బడి పందెంలో గెలిచినా కథ అక్కడితో ముగిసేది. పెళ్ళి, పిల్లలు, పొలం. 1989 నుంచి సెలవుల్లో శిబిరాలు నడపడం మొదలుపెట్టారు. వేరే వేరే బడుల పిల్లలు, అమ్మాయిలు అబ్బాయిలు అందరూ వచ్చి కొన్ని వారాలు కలిసి ఉండి, తిని, పరిగెత్తి, మళ్ళీ బడులకు వెళ్ళిపోయేవారు. ఉగాలి అనే మొక్కజొన్న సంకటి, ఆకుకూర, పాలు ఎక్కువ పోసి కాచిన తీపి టీ, ఇదీ తిండి. సంకటి ముద్ద రుచి తెలిసిన రాయలసీమ వాళ్ళకు ఆ పళ్ళెం కొత్తగా అనిపించదు.

ఆ అమ్మాయిల్లో లిడియా చెరోమీ 1991లో ప్రపంచ క్రాస్‌కంట్రీ జూనియర్ విజేత అయింది. అప్పుడు ఆమెకు 13 ఏళ్ళు. శాలీ బర్సోసియో పదిహేనేళ్ళకే 1993 ప్రపంచ పోటీల్లో 10,000 మీటర్ల కాంస్యం గెలిచి, 1997లో స్వర్ణం అందుకుంది. అంత లేత వయసులో వచ్చిన గెలుపు పిల్లల్ని తరచు మింగేస్తుంది. చెరోమీ మాత్రం 34వ ఏట కూడా దుబాయ్‌లో మారథాన్‌ను 2 గంటల 21 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తింది. పదమూడేళ్ళ పిల్ల కాళ్ళు ఇంకో ఇరవై ఏళ్ళు పనిచేశాయంటే, మొదట్లో వాటిని ఎంత జాగ్రత్తగా చూసుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

800 మీటర్ల పరుగు గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ట్రాక్ చుట్టూ రెండు సార్లు. మరీ చిన్నది కాదు, పొడవైందీ కాదు. అందుకే ఒళ్ళు హూనం చేస్తుంది. మొదటి చుట్టు హాయిగా పోతుంది. రెండో చుట్టులో కండరాలు అడిగినంత ఆక్సిజన్ గుండె, ఊపిరితిత్తులు అందించలేవు. కాళ్ళలో మంట మొదలవుతుంది, తొడలు సీసం పోసినట్టు బరువెక్కుతాయి. చివరి 150 మీటర్లలో ఎవడో దూసుకొస్తున్నట్టు గ్యాలరీలోంచి కనిపిస్తుంది కానీ నిజానికి అందరూ నెమ్మదిస్తూనే ఉంటారు. గెలిచేవాడు అందరికన్నా తక్కువ నెమ్మదించినవాడు. ఆ సమయంలో మెడ బిగిసినా, భుజాలు పైకి లేచినా, తల వెనక్కి వాలినా ఉన్న కాస్త శక్తీ వృథా అవుతుంది.

అందువల్లే కాలమ్ పిల్లల చేత దూరాలు మింగించడం కన్నా నిలబడే తీరు, చేతులు ఊపే తీరు, పాదం మోపే తీరు దిద్దించడానికి ఎక్కువ సమయం పెట్టారు. మనసు ఒకచోట నిలపడం, ఒళ్ళు తిన్నగా ఉంచడం, తూలకుండా నిలదొక్కుకోవడం, అడుగుకూ అడుగుకూ లయ కుదరడం. ఈ నాలుగింటి ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి 'ఫాస్ట్' అని పేరు పెట్టుకున్నారు. చేతి గడియారం కన్నా ఆయన కంటికి ఎక్కువ పని. నాట్యగురువు నట్టువాంగం పట్టుకుని శిష్యురాలి అరమండి దిద్దినట్టు, మళ్ళీ మళ్ళీ అదే. ఒంటికి అలవాటైన తీరు ఆయాసంలోనూ చెదరదు.

విల్సన్ కిప్‌కేటర్ పరుగులో ఆ లయ ఎలా ఉండేదో చూసినవాళ్ళు మరచిపోలేదు. ఇటెన్ బడిలో చదివి, 1990లో డెన్మార్క్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. 1997లో ఒక్క వేసవిలో మూడుసార్లు 800 మీటర్ల ప్రపంచ రికార్డును తాకాడు. జులైలో స్టాక్‌హోమ్‌లో సెబాస్టియన్ కో రికార్డుతో సమానం చేసి, ఆగస్టులో జ్యూరిక్‌లో దాన్ని దాటి, అదే నెల 24న కొలోన్‌లో 1 నిమిషం 41.11 సెకన్లకు తెచ్చాడు. అది పదమూడేళ్ళు నిలబడింది. దాన్ని పడగొట్టినవాడు కూడా ఇటెన్ నుంచే వచ్చాడు.

డేవిడ్ రుడీషా కాలెంజిన్ కాదు, మాసాయ్. తండ్రి డానియల్ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 4×400 మీటర్ల రిలేలో రజతం గెలిచిన జట్టులో ఉన్నాడు. అబ్బాయి మొదట డెకాథ్లాన్ ఆడేవాడు. కాలమ్ దగ్గరే తయారైన జాఫెత్ కిముతాయ్ అనే పరుగువీరుడు ఈ కుర్రాణ్ణి చూసి, గురువు చెవిన వేశాడు. అలా రుడీషా ఇటెన్‌లో చదువుకు చేరాడు. ఆరడుగులు దాటిన మనిషి, పొడుగు అంగ. 2006లో బీజింగ్‌లో ప్రపంచ జూనియర్ 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు.

ఆ తర్వాతి మూడేళ్ళలో ఈ గురుశిష్యుల మధ్య జరిగింది పతకాల కన్నా విలువైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. జూనియర్ విజేత అయిన కుర్రాణ్ణి వెంటనే పెద్ద రికార్డుల మీదికి ఉసిగొల్పలేదు. 2009 ఆగస్టులో బెర్లిన్ ప్రపంచ పోటీల్లో అందరూ గెలుస్తాడనుకున్న రుడీషా సెమీఫైనల్లోనే ఆగిపోయాడు. గురువు మారలేదు, శిష్యుడూ మారలేదు. రెండు వారాలు దాటగానే ఇటలీలోని రియెటీలో 1:42.01లో పరిగెత్తి, పాతికేళ్ళుగా సామీ కోస్కీ పేర ఉన్న ఆఫ్రికా రికార్డును దాటాడు. మరుసటి ఏడాది ఆగస్టు 22న, ఓడిన అదే బెర్లిన్‌లో 1:41.09. కిప్‌కేటర్ రికార్డు పోయింది. వారానికి రియెటీలో 1:41.01.

2012 ఆగస్టు 9, లండన్. ఒలింపిక్ ఫైనల్లో ముందు పరిగెత్తి వేగం కట్టే పేస్‌మేకర్లుండరు. అందువల్ల అందరూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ నెమ్మదిగా మొదలుపెట్టి, చివర్లో ఉరకడం ఆనవాయితీ. రుడీషా ఆ ఆనవాయితీని పక్కన పెట్టాడు. తుపాకీ పేలగానే ముందుకెళ్ళి, మొదటి చుట్టు 49.28 సెకన్లలో పూర్తిచేశాడు. వెనక్కి చూడలేదు. 1:40.91. ప్రపంచ రికార్డు. మిగతా ఏడుగురినీ అతను వెంట లాక్కుపోతున్నట్టు వాళ్ళు పరిగెత్తారు. ఆఖరి స్థానంలో వచ్చిన ఇంగ్లండ్ కుర్రాడు ఆండ్రూ ఒసాగీ సమయం 1:43.77. అంతకుముందు మూడు ఒలింపిక్స్‌లో ఆ సమయానికి స్వర్ణం దక్కేది. రెండో స్థానంలో బోట్స్వానా కుర్రాడు నైజెల్ ఏమోస్, 18 ఏళ్ళు. మూడో స్థానంలో 17 ఏళ్ళ టిమోతీ కిటుమ్. అతనూ కాలమ్ శిష్యుడే. స్వర్ణం, కాంస్యం ఒకే గురువు దగ్గరివి. ఆ గురువు లండన్ వెళ్ళలేదు. ఇటెన్‌లోనే ఉండి టీవీలో చూశారు.

నాలుగేళ్ళకు రియోలో రుడీషా మళ్ళీ గెలిచాడు. కిటుమ్‌కు మాత్రం మరో ఒలింపిక్ పతకం రాలేదు. పదిహేడేళ్ళకు అందిన శిఖరం ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటుంది, ఎంత ఓపికైన గురువున్నా.

ఈలోగా ఇటెన్ మారిపోయింది. లోర్నా కిప్లగాట్ కట్టించిన శిక్షణ కేంద్రంతో మొదలై విదేశీ క్రీడాకారులకు వసతులు, హోటళ్ళు, వీధికో శిబిరం పుట్టుకొచ్చాయి. యూరప్, ఆసియా పరుగువీరులు నెలల తరబడి ఉండి సాధన చేస్తారు. డబ్బు వచ్చింది, డబ్బు వెంట వచ్చేవీ వచ్చాయి. గత పదేళ్ళకు పైగా ఉత్ప్రేరకాల కేసుల్లో కెన్యా అథ్లెట్ల పేర్లు పదే పదే వినిపిస్తున్నాయి. పరుగుతో ఇంటికి బహుమతి సొమ్ము తెచ్చే అమ్మాయిలు ఆ సొమ్ము కోసమే ప్రమాదంలో పడుతున్నారు. 2015లో ప్రపంచ క్రాస్‌కంట్రీ గెలిచిన ఆగ్నెస్ టిరాప్ 2021 సెప్టెంబరులో మహిళలు మాత్రమే పాల్గొనే 10 కిలోమీటర్ల రోడ్డు పరుగులో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. మరుసటి నెలలో ఇటెన్‌లోని తన ఇంట్లోనే హత్యకు గురైంది. ఆమెకు పాతికేళ్ళు. ఆ తర్వాత తోటి క్రీడాకారిణులు 'టిరాప్స్ ఏంజెల్స్' పేర కలిసి, ఆడవాళ్ళ మీద హింసకు ఎదురు నిలబడ్డారు. శిక్షణ అంటే ట్రాక్ మీద గడిపే గంట మాత్రమే కాదని ఆ ఊరు అంత చేదుగా తెలుసుకోవలసి వచ్చింది. ఆడపిల్లలు కలిసి తిని, కలిసి పడుకుని, సెలవులయ్యాక మళ్ళీ బడికి వెళ్ళిపోయే ఆ 1989 నాటి శిబిరం ఎంత ముందుచూపుతో పుట్టిందో ఇప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆ శిబిరాల వరసలో వచ్చిన అమ్మాయే జానెత్ జెప్‌కోస్‌గెయ్. 2002లో 800 మీటర్ల ప్రపంచ జూనియర్ స్వర్ణం, 2007లో ఒసాకాలో ప్రపంచ స్వర్ణం, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రజతం. పరుగు మానేశాక ఆమె కోచ్‌గా మారి, కప్సాబెట్ అనే ఊళ్ళో పిల్లల్ని చేరదీసింది. వాళ్ళలో ఒకడు ఇమ్మాన్యుయేల్ వాన్యోన్యీ. పేదరికం వల్ల చిన్నప్పుడే బడి మానేసి పశువులు కాసిన పిల్లాడు. ఆమె దగ్గర పరుగుతో పాటు చదువూ మళ్ళీ మొదలైంది. 2021లో నైరోబీలో అతను 20 ఏళ్ళ లోపు వాళ్ళ ప్రపంచ పోటీల్లో 800 మీటర్లు గెలిచాడు. ఆ తర్వాత పెద్ద శిక్షణ బృందానికి వెళ్ళాడు.

2024 ఆగస్టు 10న పారిస్‌లో ఒలింపిక్ 800 మీటర్ల ఫైనల్. వాన్యోన్యీకి అప్పటికి 20 ఏళ్ళు. పన్నెండేళ్ళ కిందట లండన్‌లో రుడీషా చేసినట్టే ముందు నుంచే పరుగు నడిపించాడు. చివరి మలుపులో కెనడా వీరుడు మార్కో ఆరోప్ భుజం దాకా వచ్చేశాడు. వాన్యోన్యీ భుజాలు పైకి లేవలేదు, తల వెనక్కి వాలలేదు. 1:41.19. ఆరోప్ 1:41.20.